మంత్రసాని చెయ్యి

సత్తమ్మ కుడిచెయ్యి ఆమెది కాకుండా పోయి కాసేపయింది. బల్ల పక్కన వేసిన పలక మీద అది మోచేతి దాకా ఉబ్బి పడి ఉంది. వేళ్ళు ముడవమంటే ముడుచుకోవు, ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. నాలుగు రోజులుగా తిననివ్వక, పండనివ్వక, ఊపిరి తీస్తే పోటు, వదిలితే పోటుగా సతాయించిన చెయ్యి ఇంత బుద్ధిగా ఎలా పడుకుందా అని ఆమెకు నవ్వు కూడా వచ్చింది. ముప్పై ఏళ్ళుగా శామీర్‌పేటలో సగం ఊరిని ఈ లోకంలోకి లాగిన చెయ్యి అది. మెడ పక్కన, ఎముక వెనక సందులో డాక్టరమ్మ సూది దించినప్పుడు మాత్రం జివ్వుమంటూ ఒక మంట కిందికి పరిగెత్తింది. "ఎక్కడి దాకా పోయింది?" అని అడిగింది డాక్టరమ్మ. "బొటనేలి దాంక పోయిందమ్మా." "అయితే సరైన చోటే పడింది. కదలకు." ఆ తరవాత భుజం వేడెక్కింది, మోచెయ్యి బరువెక్కింది, వేళ్ళు ఒక్కొక్కటే సెలవు తీసుకుని వెళ్ళిపోయాయి. ఇప్పుడు మధ్యలో తెల్లగుడ్డ అడ్డం కట్టారు. గుడ్డకు అవతల కత్తి తన అరచేతిని కోస్తోందని తెలుసు, గిన్నెలో చీము పడుతున్న చప్పుడు వినపడుతోంది, వాసన వస్తోంది. నొప్పి మాత్రం లేదు. మేడ్చల్ సర్కారు దవాఖానాలో ఈ బల్ల ఎక్కేదాకా, నొప్పిని ఇలా తీసి పక్కన పెట్టవచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ముక్కు దురద పెడుతోంది. ఎడమచేత్తో గోక్కుంది. అది మందు గుణమే అన్నాడు ఖాలిక్. కాంపౌండరు ఖాలిక్ శామీర్‌పేట వాడే, ఆమె చేతుల్లోనే పుట్టాడు, అదీ కాళ్ళు ముందు పెట్టి. ఇప్పుడు మీసాలు పెంచి, సర్కారు నౌకరీ చేస్తూ, ఆమెకే మందుల గుణాలు చెబుతున్నాడు. సూదిలోకి మందు ఎక్కిస్తున్నప్పుడు డాక్టరమ్మ తారాబాయి నెమ్మదిగా విడమరిచి చెప్పింది. ఆమె నాందేడు నుంచి వచ్చిన మనిషి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు తెలుగును ఏరుకుని మాట్లాడుతుంది. "ఉత్త తిమ్మిరి మందు అయితే గంటకు దిగిపోతుంది సత్తమ్మా. నేను లోతుగా కోయాలి. అందుకని దానిలోనే ఇంకో నొప్పి మందు కొంచెం కలుపుతున్నాను. తిమ్మిరి వదిలినా సాయంత్రం దాకా నొప్పి దగ్గరికి రాదు. నిద్ర వస్తే నిద్రపో." అదేం మందోనని సత్తమ్మ బెదురుగా చూస్తే ఖాలిక్ వంగి, "నల్లమందు సారమే సత్తమ్మవ్వా, పరేషాన్ గాకు" అన్నాడు. నల్లమందు ఆమెకు తెలియనిదా? నాట్లకు పోయే తల్లులు ఆవగింజంత నాలుక మీద పెట్టి పసిపిల్లల్ని గట్టు మీద పడుకోబెట్టడం చూసింది. ఆ పిల్లలు ఏడవకపోతే ఎంత మంచి పిల్లలో అని జనం మురవడమూ చూసింది. ఇప్పుడు తనకూ పెట్టారు. హాయిగానే ఉంది. పైన దూలం, దూలం మీద బల్లి, కిటికీ అవతల వేపచెట్టు కింద ఎద్దుల మెడగంటలు. అక్కడ బండి విప్పుకుని మొగుడు ఎంకయ్య కూర్చున్నాడు. బీడీ దొరికితే చాలు ఆ మనిషికి, పెళ్ళాం చెయ్యి ఉన్నా ఒకటే ఊడినా ఒకటే అనుకుంది. అలా అనుకోవడం అన్యాయమనీ అనుకుంది. చీకటి విడవకముందే బండి కట్టి నాలుగు కోసులు తోలుకొచ్చింది అతనే కదా.

నొప్పి లేకుండా చేయొచ్చట. ఈ ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. ఎంతమంది, ఎంతమంది ఆడవాళ్ళు తన భుజాలు రక్కుతూ, గోడకు తల కొట్టుకుంటూ, కన్నవాళ్ళనూ కట్టుకున్నవాణ్ణీ తిట్టుకుంటూ కన్నారు! వాళ్ళకు తను ఇచ్చింది ఒక్కటే మందు: "ఓర్సుకో బిడ్డా, ఆడిదానివి గాదా." మాయ పడకపోతే వాళ్ళ జడ వాళ్ళ నోట్లోనే కుక్కి వాంతి తెప్పించింది. అరిస్తే తొడ మీద చరిచింది. అరిచిన వాళ్ళను చూసి లోలోపల కాస్త చులకన కూడా చేసింది, ఉన్న మాట చెప్పుకోవాలి. మూడు రోజుల కింద తన కడుపున పుట్టిన బాలమణి మంచం పట్టె కొరికి, "అమ్మా, నాతోని గాదే, నన్ను సంపు" అన్నప్పుడు కూడా అదే మాట నోటికొచ్చింది. తొలికాన్పు. రెండు పగళ్ళు, ఒక రాత్రి. అప్పటికే తన చెయ్యి వాచి ఉంది. బహదూర్‌పల్లి నుంచి వేరే మంత్రసానిని పిలుచుకొస్తానని ఎంకయ్య చెప్పులు కూడా వేసుకున్నాడు. "నా బిడ్డ కాన్పుకు ఇంకొకల్ల చెయ్యా? నేను సచ్చిన్నా?" అని లేచింది తను. పళ్ళు బిగబట్టి, ఆ వాచిన చేత్తోనే లోపల తడిమి, బిడ్డ తల సర్దింది. తల్లి నొప్పీ కూతురి నొప్పీ ఆ గుడిసెలో పోటీ పడ్డాయి. మగపిల్లాడు. ఊరంతా మెచ్చుకుంది, సత్తమ్మ అంటే సత్తమ్మే అని.

"ఇది ఎలా మొదలైంది?" గుడ్డ అవతలి నుంచి డాక్టరమ్మ గొంతు. ఎలా మొదలైందని చెప్పాలి? చెరువులో పట్టిన జెల్లచేపలు ఎవరో ఇస్తే కడుగుతూ కూర్చుంది, ముల్లు గోటి పక్కన దిగింది. గోరుచుట్టు లేచింది. గోరుచుట్టుకు దవాఖానాలు ఎవరికి కావాలి, నిమ్మకాయకు బొక్క పెట్టి వేలికి తొడుక్కుంటే పోతుంది. తొడుక్కుంది. పోయినట్టే పోయి, పైన మాని లోపలికి దిగింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు ఆ వేలికే పని మీద పని తగిలింది, చూసుకునే తీరిక ఎవరికి? ఇదంతా చెప్పిందో, సగం చెప్పిందో. నాలుక మందంగా ఉంది. "ఎన్ని రోజులైంది?" "ఇరవై వొద్దులైతదమ్మా." కత్తి ఒక క్షణం ఆగినట్టుంది. "ఈ ఇరవై రోజుల్లో ఈ వేలితో కాన్పులు చేశావా?" ఆ అడగడంలో ఏదో ఉంది. పోలీసు అమీను అడిగేటప్పుడు ఉండేలాంటిది. మంత్రసాని పని మానుకొమ్మంటుందేమో. పేరు రాసుకుంటుందేమో. "లేదమ్మా, నెల దినాలైంది, ఎవ్వరికి జెయ్యలె" అంది సత్తమ్మ. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో, నూనె రాసినట్టు జారింది.

"మంచిది. అదృష్టం" అంది డాక్టరమ్మ, కత్తి మళ్ళీ కదిలింది. "ఇక ముందు కూడా చెయ్యకు. ఈ చీములో కంటికి కనపడని విషం ఉంటుంది. నీకు చెయ్యి వాచింది, అంతే. బాలింతకు కడుపులో అంతా పచ్చిపుండే కదా. అక్కడ ఇది తగిలితే ఒళ్ళంతా పాకుతుంది. మూడో రోజు చలి వస్తుంది. తరవాత జ్వరం, కడుపు ఉబ్బు, నోరు ఎండడం, మాట తప్పడం. ఆరో రోజుకో ఏడో రోజుకో పోతుంది. బూడిదతో కడిగితే పోయే విషం కాదు."

మూడో రోజు చలి. సత్తమ్మ దూలం మీది బల్లిని చూస్తూ ఉంది. జహేదాకు మూడో రోజే వచ్చింది. ఛోటే మియా పెళ్ళాం జహేదా, పదిహేడేళ్ళ పిల్ల, మెత్తగా నవ్వేది. గోరుచుట్టు లేచిన మర్నాడే ఆమెకు నొప్పులొచ్చాయి. వేలికున్న నిమ్మకాయ తీసి గోడగూట్లో పెట్టి, బూడిదతో చేతులు తోముకుని, ఆముదం రాసుకుని చేసింది ఆ కాన్పు. ఆడపిల్ల. మూడో రోజు జహేదా గజగజ వణికితే, "పాలు పడేటప్పుడు సలి వస్తది, భయపడకు" అని బొంత కప్పింది. నాలుగో రోజు కడుపు కుండలా లేచింది. ఆరో రోజు పొద్దుగాల ఎవరినో పిలుస్తూ పోయింది. ఎందుకు పోయిందని ఛోటే మియా అడిగాడు, ఊరు అడిగింది, మంత్రసాని జవాబు చెప్పాలి కదా. జహేదా పెదవి పక్కన తెల్లటి చుక్క ఎండి ఉండడం తను చూసింది. అత్త షహర్ బానును నిలదీసింది. ఆమె కొంగు నోట్లో పెట్టుకుని ఒప్పుకుంది: పిల్ల నోరు పిడచకట్టుకుపోయి "అమ్మీ, అమ్మీ" అని మొత్తుకుంటే చూడలేక రెండు గుక్కలు మజ్జిగ పోసిందట. దొరికింది జవాబు. బాలింతకు చన్నీళ్ళే కూడదంటే మజ్జిగా! "సల్ల తోని సన్నిపాతం గొట్టింది, సల్ల తాపి సంపుకున్నరు" అని తను అంది. ఎంకయ్య మంగలిరాయి మీద కూర్చోబెట్టి ఎవరి గడ్డం గీసినా ఆ మాటే చెప్పాడు. వారంలో అలియాబాద్ దాకా పోయింది. ఆ రోజు నుంచి ఛోటే మియా తల్లి చేతి కూడు ముట్టడు. షహర్ బాను పడమటికి తిరిగి ఒట్టు పెట్టుకుంది, తన చేత్తో ఏ బాలింత నోట్లోనూ ఇక చుక్క పోయనని.

మజ్జిగ కాదు. అది ఒక్కటే మాట, చాలా చిన్న మాట, లోపలికి వచ్చి కూర్చుంది. మజ్జిగ కాదు, ఈ వేలు. కూర్చున్న మాటకు భయం వేయాలి. గుండె దడదడలాడాలి, ఒళ్ళు చెమట పట్టాలి. ఏమీ లేదు. గుండె మెల్లగా, తీరిగ్గా కొట్టుకుంటోంది. కత్తి అరచేతిలో తిరుగుతుంటే తెలియనట్టే ఇది కూడా తెలియడం లేదు. తెలుసు, తెలియడం లేదు. మంచి మందు, డాక్టరమ్మ ఎంత కలిపిందో కానీ అన్నింటినీ ముంచేసింది. ఈ హాయిలోనే ఇంకో మాట నెమ్మదిగా నడిచి వచ్చింది. ఈ పొద్దున బండి ఎక్కబోతుంటే గుడిసెలోంచి బాలమణి పిలిచింది. "అమ్మా, సలి పెడ్తాందే." మూడో రోజు. తను లోపలికి వెళ్ళి బొంత కప్పింది. "పాలు పడుతున్నయి బిడ్డా, భయపడకు" అంది. ఆ మాటే. అచ్చం ఆ మాటే. నుదురు ముట్టి చూద్దామంటే కుడిచెయ్యి లేవలేదు, ఎడమచేత్తో ముట్టాలని తోచలేదు. లేచి బండెక్కింది.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. చెబితే ఏమవుతుంది? ఊళ్ళో ఇక ముఖం ఎత్తే వీలుండదు. జహేదాను చంపింది నువ్వేనంటారు, కన్నబిడ్డ మీద కూడా అదే చెయ్యి పెట్టావంటారు, ఏ గడపా తొక్కనివ్వరు. అననీ. కానీ నిద్ర వస్తోంది. చెరువులో మోకాటి లోతున నిలబడితే కాళ్ళ కింద ఇసుక జారినట్టు ఒక్కో మాటా జారిపోతోంది. కళ్ళు మూసుకుంటే చాలు, ఎవరూ ఏమీ అడగరు. బాలమణి చిన్నప్పుడు అంతే, ముల్లు గుచ్చుకుంటే చెప్పేది కాదు, కాలు దాచుకుని తిరిగేది. బాలమణికి చలి. సత్తమ్మ నాలుకను పళ్ళ మధ్య పెట్టి కొరికింది. అక్కడ నొప్పి పుట్టింది, పల్చగా, దూరంగా, కానీ పుట్టింది. "డాక్టరమ్మా. అబద్ధమాడిన. జేసిన. నా బిడ్డకే జేసిన." "ఎప్పుడు?" "మూడొద్దులు." "చలి వచ్చిందా?" "పొద్దుగాల వచ్చింది."

గిన్నెలో కత్తి పడిన చప్పుడు. డాక్టరమ్మ ఒక్క మాట కూడా తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఖాలిక్, చేతులు కడుక్కో, సైకిల్ తియ్యి." బొల్లారం పటాలం దవాఖానా నుంచి లడాయి పుణ్యమా అని వచ్చిన కొత్త తెల్లబిళ్ళలు బీరువాలో ఉన్నాయట, అవి పొట్లం కడుతూనే చెబుతోంది, ఏరుకోకుండా, గబగబా. "ఇప్పుడు నాలుగు వేయాలి. తరవాత నాలుగు గంటలకొకసారి రెండు. ప్రతిసారీ పెద్ద చెంబుడు నీళ్ళు తాగాలి, మధ్యలో కూడా అడిగినన్ని తాగాలి. నీళ్ళు తాగకపోతే ఈ మందే మూత్రం బిగించి ప్రాణం తీస్తుంది. అర్థమైందా? ఇంట్లో ఎవరున్నారు?" "పురుటి గుడిసెలకు నన్ను రానియ్యరు డాక్టర్ సాబ్. షహర్ బాను చాచీ కూసున్నదట లోపట, ఎంకయ్య జెప్పిండు. ఆమెకిచ్చి చెప్తా" అన్నాడు ఖాలిక్. "చెప్పు. నీళ్ళ సంగతి రెండుసార్లు చెప్పు."

షహర్ బాను. అవును, పొద్దున వచ్చింది. పురుడు అంటు అని తమ ఇళ్ళవాళ్ళు ఒక్కరూ గడప తొక్కలేదు, ఇరుగుపొరుగు కూడా గోడ మీంచి పలకరించి పోయారు. ఆమె మాత్రం జహేదా కన్న పిల్లను చంకనేసుకుని వచ్చింది. మేకపాలు పడడం లేదట, బాలమణికి పాలు పడితే దీనికీ ఒక గుక్క అని అడగడానికి. అడగలేక నిలబడి, బండి చూసి, "నువ్వు దవాఖానకు పో సత్తమ్మా, నేను కూసుంట బిడ్డ దగ్గర" అంది. తను చేసిన పనికి ఆమె చేసిన పని అది. ఆమె ముఖంలోకి చూడలేక, ఏదో ఒకటి అనాలి కాబట్టి, "నీళ్ళడిగితె ఇయ్యకు" అంది సత్తమ్మ. "తోబా తోబా, మల్ల ఇస్తనా? సచ్చినా ఇయ్య" అని చెవులు పట్టుకుంది షహర్ బాను. ఇవ్వదు. డాక్టరమ్మ చెప్పిందన్నా ఇవ్వదు. ఖాలిక్ ముందు తలూపి, వాడు సైకిల్ ఎక్కగానే చెంబు పక్కన పెట్టి, బిళ్ళ మాత్రం చెంచాడు వేడినీళ్ళతో మింగిస్తుంది. కోడల్ని రెండు గుక్కలతో చంపుకున్నాననుకుంటున్న మనిషి చెంబుడు నీళ్ళు ఎలా పోస్తుంది? ఆ మాట తీయాలి. ఆ మాట వేసిన నోరే తీయాలి.

ఖాలికూ, ఆగు బిడ్డా. ఖాలిక్ ఆగాడు, గుమ్మంలో, పొట్లం జేబులో పెట్టుకుంటూ. షహర్ బానుకు జెప్పు. సల్ల తోని సావలేదు నీ కోడలు. నా యేలు తోని సచ్చింది. నేను పుండుతోని కాన్పు జేసిన, నీ మీద ఏసిన. నువ్వు దాహానికి పోసినవు, తప్పు జెయ్యలె. నా బిడ్డకు నీళ్ళు పొయ్యి, కడవెడు పొయ్యి, ఒట్టు తెంపుకో, పాపం నాకే తగల్నియ్యి. ఛోటే మియాకు గూడ జెప్పు, తల్లి చేతి బువ్వ తిను అని. ఖాలిక్ తలూపాడు. ఎంత మంచివాడు, కాళ్ళు ముందు పెట్టి పుట్టినా మంచివాడే. చెప్పేసింది. ఛాతీ మీది నుంచి విసుర్రాయి దించినట్టయింది, ఇంత సులువైన పనికి ఇంత బెదిరిందా తను. సైకిల్ గంట మోగింది, దుమ్ము లేచింది, మర్రి లక్ష్మీపురం దారి, తుర్కపల్లి దారి, చెరువు కట్ట, కట్ట మీద గాలి. బాలమణి నీళ్ళు తాగుతోంది. గుటక గుటకకూ గొంతు కదులుతోంది. షహర్ బాను పోస్తోంది, చెంబు ఎత్తి పోస్తోంది, ఒడిలో ఇద్దరు పిల్లలు.

కళ్ళు తెరిచేసరికి కిటికీ ఎండ బల్ల మీది నుంచి గోడ మీదికి పోయింది. తెల్లగుడ్డ తీసేశారు. కుడిచెయ్యి పెద్ద కట్టుతో పొత్తిగుడ్డల్లో పిల్లలా ఉంది. డాక్టరమ్మ తొట్టి దగ్గర నిలబడి మోచేతుల దాకా కడుక్కుంటోంది. "ఖాలిక్ పోయిండా అమ్మా?" "ఎప్పుడో పోయాడు. ఈపాటికి చేరుతూ ఉంటాడు." "నేను జెప్పింది సమజైందా పిలగానికి? మంచిగ ఇన్నడా?" డాక్టరమ్మ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఇటు తిరిగింది. "ఏం చెప్పావు?" "షహర్ బాను సంగతి. సల్ల సంగతి." "ఏ సల్ల? నువ్వు ఏమీ చెప్పలేదు సత్తమ్మా. నీ బిడ్డకు పొద్దున చలి వచ్చిందన్నావు, అదే ఆఖరి మాట. తరవాత పెదవులు కదిలాయి, నిద్రపోయావు. మందు పని చేసిందిలే అనుకున్నాను."

సత్తమ్మ లేచింది. లేవలేదు, లేవబోయింది. కుడి భుజం ఇంకా మొద్దులా ఉండి ఒక పక్కకు ఒరిగిపోతే డాక్టరమ్మ పట్టుకుంది. ఈసారి తన గొంతు తనకే వినపడేలా అరిచింది. "ఓ బాలమణి నాయినా!" ఎంకయ్య బీడీ పారేసి పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. డాక్టరమ్మ ముందే, ఇద్దరూ వింటుండగా, మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. ఒక్కొక్క మాట అనగానే ఆగి, వినపడిందా అని అతని ముఖం చూసి, ఇంకో మాట అంది. ముల్లు, నిమ్మకాయ, జహేదా, మజ్జిగ, బాలమణి, నీళ్ళు. ఎంకయ్య గుమ్మం పట్టుకుని విన్నాడు. "ఊరందరికి నేనే జెప్పిన గదనే" అన్నాడు చివరికి. "గడ్డం గీసుకుంట, నవ్వుకుంట జెప్పిన." స్టేషన్ దగ్గర జట్కా దొరుకుతుందేమో అంది డాక్టరమ్మ. పగటి బండికి వచ్చిన పట్నం వాళ్ళను ఎక్కించుకుని జట్కాలన్నీ పోవడం తను ఇప్పుడే చూశానన్నాడు ఎంకయ్య. ఎండలో ఎద్దుల్ని కట్టాడు. చర్నాకోల అతను ఏనాడూ గట్టిగా వాడి ఎరగడు, ఆ రోజు దాని చప్పుడు దవాఖానా లోపలికి వినపడింది.

డాక్టరమ్మ ఆమెను మళ్ళీ పడుకోబెట్టింది. మంచి బిళ్ళలు అవి, సిపాయిల ప్రాణాలు నిలబెట్టాయి, ధైర్యంగా ఉండమంది. నొప్పి ఉందా అని అడిగింది. లేదంది సత్తమ్మ. నిజంగానే లేదు, సాయంత్రం దాకా రాదని డాక్టరమ్మ చెప్పనే చెప్పింది. ఆమె దూలం చూస్తూ దారి లెక్క వేసింది. ఖాలిక్ ఇప్పటికి చేరాడు. షహర్ బాను గడప మీద నిలబడి పొట్లం తీసుకుంటుంది, నీళ్ళ సంగతి రెండుసార్లు వింటుంది, తలూపుతుంది. ఖాలిక్ వెనక్కి తిరుగుతాడు. ఎంకయ్య బండి చేరేసరికి దీపాలు పెడతారు. ఆ మధ్యలో బాలమణికి దాహం వేస్తుంది, "నీళ్ళు, నీళ్ళు" అని అడుగుతుంది, చెంబు చేతికందేంత దూరంలోనే ఉంటుంది. షహర్ బాను ఏడుస్తూ, పిల్ల నుదురు నిమురుతూ కూర్చుంటుంది కానీ ఇవ్వదు. బాలమణి బతకాలని కోరుకునే మనిషి కాబట్టి ఇవ్వదు.